తాళం వేసిన తోట

గత ఆదివారం సాయంకాలం మనుమరాలిని వెంటబెట్టుకొని మా యాప్రాల్‌లోని కాలనీ పార్కుకు వెళ్ళాను. దాని గేటు దాకా వెళ్ళానంటే సత్యం. గేటుకు తాళం. లోపల రెండు సిమెంటు బల్లలు, ఒక జారుడుబండ, మోకాలెత్తు గడ్డి. తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో వాచ్‌మన్‌కు తెలియదు. పన్నెండేళ్ళ పిల్ల ఊచలు పట్టుకొని కాసేపు చూసి, "తాతయ్యా, దుబాయిలో అంతా ఇసుక, అయినా అన్ని పార్కులు. ఇక్కడ మట్టి ఉంది, వాన ఉంది. పార్కు ఎందుకు లేదు?" అన్నది. ముప్పది నాలుగేళ్ళు పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పి జీతం తీసుకున్నవాడిని, ఆ పూట నోరు పెగలలేదు. మిత్రులారా, ఆ జవాబు కోసమే ఈ టపా.

మా పెద్దవాడు దుబాయిలో ఉద్యోగం చేసిన రోజులలో, 2017లో నా పదవీ విరమణ అయిన తరువాత, మూడు శీతకాలాలు అక్కడ గడిపాము. అప్పట్లో అక్కడి వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు (2022లో శని, ఆదివారాలకు మార్చారు). శుక్రవారం తెల్లవారితే కోడలు పులిహోర కలిపేది, మా ఆవిడ పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేసేది. చాప, ఫ్లాస్కు, బంతి కారెక్కేవి. ఒకనాడు క్రీక్ పార్కు, ఒకనాడు జబీల్ పార్కు, ఒకనాడు ముష్రిఫ్ పార్కు. పక్క చాప మీద పెషావరు కుటుంబం, అటు పక్క మలయాళీలు, చెట్టు కింద మాంసం కాల్చుకుంటున్న అరబ్బులు. ఆ పొగకు మా ఆవిడ మొదటివారం ముక్కు మూసుకున్నది, మూడవవారం మరచిపోయినది. పిల్లల బంతికి భాష లేదు కనుక అది అందరి చాపల మీదా పడేది.

ఏడాదికి నూరు మిల్లీమీటర్ల వాన కూడ నమ్మకంగా పడని నేల అది. హైదరాబాదులో ఎనిమిది వందల దాకా పడుతుంది. మరి ఆ పచ్చికకు నీరెక్కడిది? ఊరంతా వాడి పారబోసిన మురుగునీరే. దానిని శుద్ధిచేసి, గొట్టాల ద్వారా చెట్ల మొదళ్ళకు చుక్కలు చుక్కలుగా వదులుతారు. మనము అదే నీటిని చెరువులలోకి వదిలి, ముక్కు మూసుకొని పక్కనుంచి పోతాము.

ఇంతవరకు చెప్పి ఆపితే, విదేశం చూసి వచ్చిన ప్రతివాడూ చదివే దండకమే అవుతుంది. ఆపలేను. 2018లో విజయదశమి గురువారం వచ్చింది. మరునాడు సెలవు, ముష్రిఫ్ పార్కుకు వెళ్ళాము. అక్కడ సన్నని ఆకులు, ముళ్ళు గల చెట్లు వనంగా ఉన్నవి. ఎడారి తుమ్మ కాబోలు ననుకొని ఒకదాని కింద చాప పరిచాను. గొట్టాలు సరిచేస్తున్న ఒకతను మా మాటలు విని దగ్గరకు వచ్చి, "ఎవ్వలు సారూ, మనోళ్ళా? గిది మన జమ్మే. ఈళ్ళు గాఫ్ అంటరు" అన్నాడు. విరాటపర్వంలో పాండవులు ఆయుధాలు దాచిన శమీవృక్షాన్ని గురించి మూడు దశాబ్దాలకు పైగా పాఠం చెప్పిన తెలుగు పండితుడికి, చెట్టు ఎదురుగా నిలిస్తే గుర్తుపట్టడం రాలేదు! 2014లో తెలంగాణ రాష్ట్ర వృక్షంగా ప్రకటించినది ఈ జమ్మినే. ఆ దేశపు జాతీయ వృక్షమూ ఇదే. 2019ని అక్కడ సహన సంవత్సరంగా జరిపినప్పుడు దీనినే చిహ్నంగా పెట్టుకున్నారు.

అతడు రాలిన రెమ్మ నుంచి నాలుగు ఆకులు దూసి నా చేతిలో పెట్టి, "బంగారం సారూ" అని కాళ్ళకు మొక్కాడు. "ఏ ఊరు నాయనా?" అన్నాను. జగిత్యాల దగ్గర పల్లె. వచ్చి తొమ్మిదేళ్ళు. ఇంటికి వెళ్ళినది నాలుగుసార్లు. కొడుకు ఏడవ తరగతి. తీసుకొని రారాదా అని అడిగాను, అజ్ఞానంతో. భార్యాబిడ్డలను తెచ్చుకోవాలంటే నెలకు నాలుగువేల దిర్హములో, వసతి ఉంటే మూడువేలో జీతం ఉండాలన్న నిబంధన అతడే చెప్పాడు. అతని జీతం అందులో సగం లేదు. మా చాప మీద కూర్చోమంటే, డ్యూటీలో ఉన్నానని కూర్చోలేదు. పులిహోర మాత్రం విస్తరాకులో చుట్టించుకొని పోయాడు.

ఆ పచ్చికను తడిపే చేతులలో ఎన్నింటికి తమ పిల్లలను దానిమీద ఆడించే యోగం ఉన్నది? ఈ సంగతి విడిచి ఎడారి తోటలను పొగడడం సగం పద్యం చదివి అర్థం చెప్పడం వంటిది.

అయితే మనము తక్కువ తిన్నామా? ఆ కార్తీకంలో నాలుగు తెలుగు కుటుంబాలు కలిసి అదే పార్కులో వనభోజనం చేశాము. ఉసిరి చెట్టు లేదు, దుకాణంలో కొన్న ఉసిరికాయ ఒకటి చాప మధ్య పెట్టుకున్నాము. కులమడిగినవారు లేరనను. అడిగి కూడ ఒకే చాప మీద తిన్నారు. ఇక్కడ కార్తీకం వస్తే కులానికొక తోట, కులానికొక బ్యానరు.

మా కాలనీ పార్కు తాళం కథ కూడ అటువంటిదే. కిందటి సమావేశంలో గేటు తెరుద్దామని ఒకరన్నారు. తెరిస్తే మేస్త్రీల పిల్లలు, పనివాళ్ళ పిల్లలు వచ్చి పాడుచేస్తారని ఇంకొకరన్నారు. పది తలలు ఊగినవి. నేను తల ఊపలేదు, నోరూ విప్పలేదు. మనుమరాలికి చెప్పవలసిన జవాబు ఇదేనని ఇప్పుడు తెలుస్తున్నది. ఇందిరా పార్కు, సంజీవయ్య పార్కు ఉన్నవి కదా అంటారు. యాప్రాల్ నుంచి పిల్లతో బస్సులు మారి వెళ్ళి రావడానికే పొద్దుగుంకుతుంది. వాచ్‌మన్ ఇద్దరు పిల్లలు ఆ గేటు ముందే, రోడ్డు మీద, కార్ల మధ్య ఆడుతుంటారు.

వచ్చే ఆదివారం మళ్ళీ సమావేశమున్నది. లేచి మాట్లాడతానని ఇంట్లో చెప్పాను. "మాట్లాడండి గాని, అక్కడ కూడ విరాటపర్వం మొదలుపెట్టకండి" అన్నది మా ఆవిడ.