సిలిండర్ తేదీ చూసే అమ్మ

మా అమ్మాయి స్కూబా డైవింగ్ నేర్చుకుని రెండేళ్లయింది. పోయిన చలికాలం అందరం మాల్దీవులకు వెళ్దామంది. టికెట్లు కొన్న రోజు నుంచీ మా ఆయనకు ఒకటే బెంగ. "ఎవరెవరో వాడిన సిలిండర్ పిల్ల వీపుకి కట్టుకోవడమేంటి? మనదే ఒకటి కొని పట్టుకెళ్దాం" అని. ఎక్కడికెళ్లినా ఆవకాయ సీసా మోసుకెళ్లే మనిషి లెండి.

నింపిన సిలిండర్‌ని విమానంలోకి రానివ్వరు. ఖాళీదైనా వాల్వు పూర్తిగా ఊడదీసి, లోపల ఏమీ లేదని కంటికి కనబడేలా ఉంచాలి. మామూలుగా వాడే అల్యూమినియం సిలిండర్ ఖాళీగానే సుమారు 14 కిలోలు. అంత బరువు మోసుకెళ్లి, అక్కడ వాల్వు బిగించి, తనిఖీ చేయించి, గాలి నింపించుకోవాలి. అందుకే అందరూ అక్కడే అద్దెకు తీసుకుంటారు. నా ఓటూ అద్దెకే. మాస్కు, రెగ్యులేటర్ మాత్రం సొంతవి ఉంటే పట్టుకెళ్లడం మంచిది. కాకపోతే వాల్వులు రెండు రకాలు. మాల్దీవుల్లో ఎక్కువగా యోక్ రకం, యూరప్‌లో ఎక్కువగా డిన్ రకం. ఏది ఉందో ముందే అడిగి, అవసరమైతే అడాప్టర్ పెట్టుకోవాలి.

అన్నట్టు, అందులో ఉండేది ఆక్సిజన్ అని నేనూ అనుకునేదాన్ని. కాదట. మనం పీల్చే మామూలు గాలే, 200 బార్ ఒత్తిడికి కుక్కి నింపుతారు. కారు టైరులో ఉండేదానికి దాదాపు వంద రెట్లు! అందుకే సిలిండర్ భుజం మీద పరీక్ష చేసిన తేదీ చెక్కి ఉంటుంది. అమెరికాలో అయితే అయిదేళ్లకోసారి నీటి ఒత్తిడితో పరీక్ష చేయాల్సిందే. ఇది వినగానే నాకు మా వంటగది గుర్తొచ్చింది. గ్యాస్ బండ మీద సి-27 అని ఉంటే 2027 సెప్టెంబరు లోపు పరీక్ష చేయించాలని అర్థం. ఆ అక్షరం చూడకుండా, సీలు చూడకుండా నేను బండ దింపించుకోను. తెచ్చిన అబ్బాయి విసుక్కున్నా సరే.

రెండో రోజు పొద్దున పడవలో నేను ప్రేక్షకురాలిని. అమ్మాయి రెగ్యులేటర్ బిగించి రెండుసార్లు గాలి పీల్చి, ముఖం చిట్లించింది. "ఏదో పొగ వాసనమ్మా" అంది. అక్కడి కుర్రాడేమో "అన్నీ ఒకచోటే నింపాం, ఏం కాదు" అన్నాడు. ఇంజిన్ స్టార్టయింది, పదిమంది చూస్తున్నారు. "పర్లేదులే, కాసేపేగా" అని మా పిల్ల నోట్లో పెట్టుకోబోయింది.

నాకు గుండె జారింది. గాలి నింపే యంత్రం పక్కనున్న ఇంజిన్ పొగని లాగేస్తే, దానితో కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. దానికి వాసన ఉండదు, వాసన వచ్చేది తోడొచ్చిన పొగకే. పైగా 30 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి నాలుగు రెట్లు, విషమూ అంతే. "మార్చమను" అన్నాను. "అమ్మా, అందరూ చూస్తున్నారు" అంది. నేనే లేచి, వచ్చిన ఇంగ్లీషులో అడిగాను. గొణుక్కుంటూనే వేరే సిలిండర్ తెచ్చాడు. దాంట్లో ఏ వాసనా లేదు. మొదటిదాంట్లో నిజంగా ఏముందో నాకు తెలీదు. తెలుసుకోవాలనీ లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ కుర్రాడి మీద కాదు కోపం. పెళ్లిళ్లలో, బంధువుల ఇళ్లల్లో "సర్దుకో తల్లీ, అందరూ చూస్తున్నారు" అని ఆ పిల్లకి నేర్పిందెవరు? నేనే కదా. నేను మాత్రం బండ దగ్గర పేచీ పెడతాను. మీరూ గుర్తు చేసుకోండి, మీ ఇంట్లో ఆ మాట ఎన్నిసార్లు అని ఉంటారో.

చివరి రోజు డైవింగ్ లేదు. వరసగా డైవ్‌లు చేశాక కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కాలట. ఒడ్డున కూర్చుని ఆవకాయ అన్నం తిన్నాం. వచ్చే ఏడాది థాయ్‌లాండ్ అంటోంది. మా ఆయన మళ్లీ ఫోన్లో సిలిండర్ల ధరలు చూస్తున్నారు.