వెనక్కి పంపితే బాకీ తీరినట్టేనా?

కువైట్ నుంచి ఇంటిపని చేసే స్త్రీలను వెనక్కి పంపినప్పుడల్లా పత్రికలు వాళ్లను 'అక్రమ నివాసులు' అంటాయి. హనుమకొండలో మన సమావేశాల్లోనూ "చట్టం తప్పితే పంపరా?" అనేవాళ్లున్నారు. నేనడిగేది ఒకటే: వాళ్లను అక్రమం చేసిందెవరు?

కఫాలా పద్ధతిలో పనిమనిషి అకామా యజమానితో ముడిపడి ఉంటుంది. ఇలా వెళ్లేవాళ్లలో కడప, గోదావరి జిల్లాల స్త్రీలు ఎక్కువ. జీతం రాక, దెబ్బలకు తాళలేక గడప దాటితే, పరారైందని యజమాని ఫిర్యాదు చేస్తే చాలు, ఆమె 'ఖల్లివెల్లి'. పట్టుబడితే నిర్బంధం, వేలిముద్రలు, విమానం. ఫిర్యాదు చేయవలసిన మనిషినే దేశం దాటిస్తే, ఎగ్గొట్టిన జీతం గురించి, పెట్టిన హింస గురించి అడిగేదెవరు? ఈ బహిష్కరణ యజమానికి రక్షణ కవచం.

2018లో, 2024లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించి, జరిమానా లేకుండా వెళ్లిపొమ్మంది. జీతం ఎగ్గొట్టినవాడికి శిక్ష లేదు, జీతం అందనామెకు క్షమాభిక్షా!

వెళ్లగొట్టే ముందు గానీ తర్వాత గానీ జీతం బాకీ తేల్చుకునే అవకాశం ఇవ్వాలని 1990 నాటి ఐక్యరాజ్యసమితి వలస కార్మికుల ఒప్పందం 22వ అధికరణం చెబుతోంది. కువైట్ దాన్ని ఆమోదించలేదు, మన దేశమూ ఆమోదించలేదు.

గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయలిస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. మంచిదే. మరి ప్రాణాలతో, ఖాళీ చేతులతో తిరిగొచ్చిన స్త్రీ సంగతి?

ఆమె వాంగ్మూలం తీసుకోకుండా, బాకీ లెక్క రాయకుండా మన రాయబార కార్యాలయం ఔట్‌పాస్ ఇవ్వకూడదు. అలాగని ఆ లెక్క తేలేదాకా ఆమెను నిర్బంధంలో ఉంచడమూ కుదరదు. ఇక్కడికి చేరాక ఆమె తరఫున ఆ కేసు నడిపే బాధ్యత ప్రభుత్వానిది. దీన్ని మనం గట్టిగా అడగాలి.