చెట్టు వయసు లెక్కేశారు, ఇంటి సంగతి?

మహారాష్ట్రలో యాభై ఏళ్లు నిండిన చెట్టు చట్టం దృష్టిలో వారసత్వ సంపద. 1975 నాటి పట్టణ వృక్ష సంరక్షణ చట్టానికి 2021లో వచ్చిన సవరణ ఇది. అలాంటి చెట్టును కొట్టాలంటే దాని వయసెంతో అన్ని మొక్కలు నాటాలి. బాగానే ఉంది. ఆ చెట్టును నీళ్లు పోసి పెంచిన ఇంటి ఊసు మాత్రం అందులో లేదు.

నేనుండేది నాందేడ్ స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగే ఓ పాత కాలనీలో. ఈ ఊరు 1948 దాకా హైదరాబాద్ సంస్థానం, 1956 నుంచి బొంబాయి రాష్ట్రం, 1960 నుంచి మహారాష్ట్ర. అందుకే మా గేట్ల దగ్గర తెలుగు, మరాఠీ, ఉర్దూ కలిసే వినబడతాయి. ఇళ్లూ అంతే. పాత బస్తీలోని వాడాలనే పెద్ద ఇళ్లకు టేకు దూలాల మీద మందంగా మట్టి పరిచిన కప్పు, నడుమ చౌకు అనే ఖాళీ ముంగిలి. మా కాలనీకి వచ్చేసరికి మట్టి కప్పు స్లాబైంది, ఆ చౌకు బయటికి జరిగి ఇంటి చుట్టూ పెరడైంది. షాబాద్ బండల వసారా, ముందు వేప, వెనక జామ. మే నెల ఎండల్లో మధ్యాహ్నం మమ్మల్ని కాపాడేది ఈ అమరికే.

మా వీధిలోనే ఒక ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టారు. "వేపచెట్టును ముట్టుకోం అక్కా" అన్నాడు బిల్డరు. నిజంగానే ముట్టుకోలేదు. పార్కింగ్ కోసం మొదలుకంటా సిమెంటు పలకలు పరిచాడు. వాన నీళ్లు వేరుకు అందక పైకొమ్మలు ముందు ఎండాయి, తర్వాత మాను బెరడు పొలుసులుగా రాలింది. ఎండిన చెట్టును తీసేయడానికి ఎవరు అడ్డు చెబుతారు?

ఇల్లు అమ్మేవాళ్లను నేను తప్పుపట్టను. పిల్లలు పుణెలో, హైదరాబాద్‌లో ఉంటారు, ఆస్తికి నలుగురు వాటాదారులు, స్లాబు కారుతుంటుంది. నీతులు చెబితే కారడం ఆగదు. ఇల్లు ఉంచుకున్నవాడికి లాభం కనబడాలి. వారసత్వ కట్టడాలకు ముంబయిలో 1995 నుంచి నిబంధనలున్నాయి. అక్కడ యజమాని తాను కట్టుకోలేని అంతస్తుల హక్కును టీడీఆర్‌గా, అంటే బదిలీ చేసుకోదగిన అభివృద్ధి హక్కుగా, అమ్ముకోవచ్చు. ఆ వెసులుబాటు రాజుల మహళ్లకే ఎందుకు, మధ్యతరగతి వీధికీ వర్తింపజేయాలి.

పడగొట్టక తప్పదంటే, చెట్టు చుట్టూ మట్టి వదిలితేనే ప్లాను పాసు చేయాలి. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. మనకు మీటరున్నర పెట్టుకున్నా పార్కింగ్‌లో ఒక కారు తగ్గుతుంది, అంతే.

ఈ ఊరు తలచుకుంటే చేయలేనిది కాదు. 2008లో సిక్కుల గురుతా గద్దీ 300 ఏళ్ల ఉత్సవాలకు కేంద్ర పథకం జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం నిధులొచ్చాయి, రోడ్లు వెడల్పయ్యాయి. మున్సిపల్ అధికారులూ, వీధుల్లోని చెట్లను లెక్కపెట్టడానికి సిబ్బందిని పంపినప్పుడు, ఆ చెట్లున్న ఇళ్లనూ అదే కాగితం మీద రాయించండి. ఏ ఇంటి వెనక ఎంత పెరడుందో, ఆ పెరట్లో ఏముందో తెలియకుండా ప్లాన్లకు సంతకాలు పెట్టడం మానండి.