పాపికొండల బోటు రేపు కదులుతుందా?

పాపికొండల జాతీయ పార్కులో బోటు విహారాన్ని పర్యవేక్షించే అధికారులకు,

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగి 50 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజు గోదావరి వరద మీద ఉంది. అందుకే వరదొస్తే మీరు బోట్లు ఆపడాన్ని ఎవరూ తప్పుపట్టరు.

ఆపిన సంగతి రేవు దాకా వచ్చాక తెలిస్తేనే ఇబ్బంది. హైదరాబాద్ నుంచి రాత్రి రైల్లో రాజమండ్రి చేరి, తెల్లారకముందే గండిపోచమ్మ రేవు దారి పట్టిన కుటుంబానికి సెలవూ పోతుంది, బండి కిరాయీ పోతుంది. ఇక బోటెక్కాక పెద్దల లైఫ్‌జాకెట్‌లో పసివాడి ముఖం చెవుల దాకా కూరుకుపోతే, అది రక్షణే కాదు.

రెండు పనులు చేయండి. గండిపోచమ్మ, పోచవరం రేవుల నుంచి బోట్లు నడిచేదీ లేనిదీ నీటిమట్టంతో సహా ముందురోజు సాయంత్రం ఆరింటికల్లా తెలుగులో ప్రకటించండి. పిల్లల కొలతల జాకెట్లు లేని బోటును రేవు దాటనివ్వకండి.

ఇట్లు,
గోదావరి యాత్రికుల పక్షాన ఒక పౌరుడు