ఇంటిపేరు నేపాలీ

రాత్రిపూట ఈల ఊదుకుంటూ, కర్ర నేలకేసి కొట్టుకుంటూ మన పట్నాల్లో వీధి కాపలా తిరిగే మనిషిని మనం ఏమని పిలుస్తాం? గూర్ఖా అంటాం. నెలకొకసారి గడప ముందు నిలబడితే పదో ఇరవయ్యో చేతిలో పెడతాం. అది మనిషి పేరు కాదు, గోర్ఖా అనే కొండ ప్రాంతం పేరు. ఆయన పేరేమిటి, ఏ ఊరు, పెళ్ళాం పిల్లలు ఎక్కడున్నారు అని అడిగినవాళ్ళం మనలో ఎందరం? మన తాతల్ని పేరుతో కాక కులంతో కేకేసిన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం మనం. పేరు లేకుండా పిలిపించుకోవడం ఎంత నొప్పో మనకు ఒకరు చెప్పాలా? అందుకే ఈసారి నేపాల్ యువతీ యువకుల బతుకు గురించి నాలుగు మాటలు రాస్తున్నాం.

2021 జనాభా లెక్కల్లో నేపాల్ జనం 2 కోట్ల 91 లక్షలు. దేశం విడిచి బయట ఉన్నవాళ్ళు దాదాపు 22 లక్షలు. ఎక్కువమంది మీసం వచ్చీరాని వయసులో పోయినవాళ్లే. వాళ్ళు పంపే డబ్బు ఆ దేశపు ఆదాయంలో నాలుగో వంతుకు సమానం. పైదేశం పోయినవాణ్ణి అక్కడ ‘లాహురే’ అంటారు. ఒకప్పుడు లాహోరుకు పోయి రంజిత్ సింగ్ సైన్యంలో చేరినవాళ్ళ నుంచి వచ్చిన మాట అది. మన జగిత్యాల, సిరిసిల్ల ఊళ్ళల్లో ‘దుబాయోడు’ అన్నట్టు. కాఠ్మండూ విమానాశ్రయంలో ఒక పక్క కుర్రాళ్ళు మెడలో పూలదండలతో, నుదుట ఎర్ర తిలకంతో లైను కడతారు. మరో పక్క శవపేటికలు దిగుతాయి. కాగితంలో చాలామందికి ‘సహజ మరణం’, ‘గుండె ఆగింది’ అని రాస్తారు. ఇరవై అయిదేళ్ళ కుర్రాడి గుండె ఊరికే ఎందుకు ఆగుతుంది? ఎండలో నీళ్ళు లేక పనిచేసి మూత్రపిండాలు పాడై, తిరిగొచ్చి డయాలసిస్ యంత్రానికి అతుక్కుని బతుకుతున్నవాళ్ళ సంగతేమిటి?

పోవడానికి డబ్బెక్కడిది? ‘ఫ్రీ వీసా, ఫ్రీ టికెట్’ అని 2015లో నేపాల్ ప్రభుత్వం గల్ఫ్ దేశాలకూ మలేసియాకూ రూలు పెట్టింది. ఏజెంటు పదివేల నేపాలీ రూపాయలకు మించి తీసుకోకూడదంది. రూలు రూలే, ఏజెంటు ఏజెంటే. లక్షకు పైన చేతిలో పెట్టందే ఫైలు కదలదు. ఆ లక్షా ఊళ్ళో సావుకారు దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తేవాలి. తరాయి మైదానంలో దీన్ని మించిన దోపిడీ ఉంది. దాన్ని ‘మీటర్ వడ్డీ’ అంటారు. మనకూ తెలిసిన మాటే! ఆటో మీటరులా మనిషి నిద్రపోతున్నా అది తిరుగుతూనే ఉంటుంది. 2023లో ఆ అప్పుల బాధితులు, ఆడవాళ్ళతో సహా, కాలినడకన కాఠ్మండూకు వెళ్ళి రోడ్డుమీద కూర్చుంటే తప్ప సర్కారు కళ్ళు తెరవలేదు.

అందరూ ఒకే చోటికి పోతారా? పోరు. భూమి, చదువు ఉన్న ఇంటి పిల్లలు ఆస్ట్రేలియా, జపాన్ చదువులకు పోతారు. ఖర్చు పెట్టి కొరియా భాష నేర్చుకుని పరీక్ష రాసేవాళ్ళు కొరియా పోతారు. అప్పు పుట్టినవాడు గల్ఫ్ పోతాడు. అప్పు కూడా పుట్టనివాడు బస్సెక్కి ఇండియా వస్తాడు, ఎందుకంటే 1950 ఒప్పందం వల్ల ఇక్కడికి వీసా అక్కర్లేదు. భూమి లేని దళితుడు ఎక్కువగా ఈ చివరి బస్సులోనే ఉంటాడు. ఇంకో అన్యాయం చూడండి. లేబర్ పర్మిటుతో గల్ఫ్ పోయినవాడు చనిపోతే అతని కుటుంబానికి సంక్షేమ నిధి నుంచి పరిహారం వస్తుంది. ఇండియాకు పర్మిటే అక్కర్లేదు గనక ఇక్కడ చచ్చినవాడికి ఆ నిధిలో వాటా లేదు. పేదవాడి చావుకు కూడా కాగితం కావాలి!

ఇక అసలు సంగతికి వద్దాం. దోహాలో ఆరేళ్ళు పనిచేసి వచ్చిన మా మిత్రుడొకరు ఒక మాట చెప్పారు. క్యాంపు గదిలో ఆయన పక్క మంచం నేపాల్ కుర్రాడిది. ఇద్దరూ కలిసి వండుకునేవారు, ఒకే కంచంలో తిన్న రోజులూ ఉన్నాయి. ఒకనాడు ఆ కుర్రాడి జిల్లా మనిషే గదిలోకి కొత్తగా వచ్చాడు. పేరడిగాడు, ఇంటిపేరు అడిగాడు. ‘నేపాలీ’ అన్నాడు కుర్రాడు. అంతే, కొత్తవాడు మర్నాటి నుంచి స్టవ్ వేరు, గిన్నె వేరు పెట్టుకున్నాడు. మా మిత్రుడికి అర్థం కాలేదు. “భాయ్, మీరంతా నేపాలీలే కదా?” అని అడిగితే కుర్రాడు నవ్వి, “దేశానికి అందరం నేపాలీలమే భాయ్. ఇంటిపేరు నేపాలీ అయితే మాత్రం అంటరానివాళ్ళం” అన్నాడట.

నిజమే. అక్కడ దమాయీ, సార్కీ కులాల వాళ్ళలో చాలామంది కులం పేరు వదిలేసి ‘నేపాలీ’ అని రాసుకుంటారు. కామీలు ‘విశ్వకర్మ’ అని, మరికొందరు ‘పరియార్’ అని రాసుకుంటారు. దేశం పేరునే ఇంటిపేరు చేసుకున్నా ఆ దేశం వాళ్ళను గడప బయటే నిలబెట్టింది. దమాయీ కుట్టిన బట్ట లోపలికి పోతుంది, దమాయీ పోడు. పెళ్ళిలో సన్నాయి అతనిదే కావాలి, పంక్తిలో అతను వద్దు. మన డప్పుకు పట్టిన గతే!

1854లో జంగ్ బహదూర్ రాణా చేసిన ‘ములుకీ ఐన్’ అనే చట్టం మనుషుల్ని ‘నీళ్ళు చెల్లేవాళ్ళు, నీళ్ళు చెల్లనివాళ్ళు’ అని విడగొట్టింది. మనువు శ్లోకం రాస్తే ఈయన సెక్షన్లే రాశాడు. 1963 చట్టం ఆ కులభేదాన్ని తీసేసింది. 2011లో అంటరానితనానికి శిక్షల చట్టం వచ్చింది. 2015 రాజ్యాంగంలో దళితుల హక్కులకు ప్రత్యేక అధికరణమే పెట్టారు. కాగితం మీద ఇన్ని ఉన్నాయి. మరి కుళాయి దగ్గర? గల్ఫ్ పైసలతో బర్రెను కొంటాడు దళితుడు. బర్రెకు కులం లేదు, పాలకు ఉంది! పాలు కొననన్న డెయిరీలు, టీ కొట్లు ఎన్నో. 2021లో కాఠ్మండూలో ఒక దళిత మహిళా జర్నలిస్టుకు కులం తెలిశాక గది అద్దెకివ్వలేదు. అరెస్టయిన ఇంటి యజమాని విడుదలైతే సాక్షాత్తూ విద్యాశాఖ మంత్రే కారులో వెళ్ళి తీసుకొచ్చాడు. పిల్లలకు సమానత్వం పాఠం చెప్పాల్సిన శాఖ అది!

2020 మే 23న పశ్చిమ రుకుం జిల్లా సోతీ గ్రామంలో జరిగింది తలుచుకుంటే మనకు చుండూరు గుర్తొస్తుంది. పై కులం అమ్మాయిని ప్రేమించిన జాజర్‌కోట్ దళిత యువకుడు స్నేహితులతో కలిసి ఆమెను తెచ్చుకోవడానికి వెళ్ళాడు. ఊరు తరిమింది. ఆరుగురు యువకుల శవాలు భేరి నదిలో తేలాయి. 1991లో మనవాళ్ళ శవాలను గోతాల్లో కుక్కి తుంగభద్ర కాలువలో వేశారు. నది పేరు వేరు, పద్ధతి ఒకటే. జిల్లా కోర్టు శిక్షలు వేయడానికి మూడేళ్ళు దాటింది.

ఆడపిల్లల బతుకు ఇంకా కష్టం. గల్ఫ్‌లో ఇంటిపనికి పోవద్దని నేపాల్ సర్కారు పలుమార్లు నిషేధం పెట్టింది. నిషేధం ఆకలిని ఆపుతుందా? ఢిల్లీ, ముంబయి మీదుగా దొంగదారిన పోయారు. మన కడప, గోదావరి జిల్లాల అక్కచెల్లెళ్ళు కువైట్‌లో పడే పాట్లే వాళ్ళవీ. కానీ ఒక మంచి మాట కూడా చెప్పాలి. 2017 స్థానిక ఎన్నికల్లో ప్రతి వార్డుకూ ఒక దళిత మహిళా సభ్యురాలు ఉండాలన్న చట్టం వల్ల ఆరు వేలకు పైగా దళిత ఆడవాళ్ళు గెలిచి కుర్చీల్లో కూర్చున్నారు. కుర్చీ ఇచ్చి మాట ఇవ్వనివాళ్ళతో వాళ్ళు పోట్లాడాల్సి వచ్చింది. పోట్లాడటానికి చోటయితే దొరికింది.

2025 సెప్టెంబరు 8న అదే తరం కాఠ్మండూ వీధుల్లోకి వచ్చింది. నాయకుల పిల్లల విలాసాలు, అవినీతి, ఫోన్లలో సామాజిక మాధ్యమాల మీద నిషేధం చూసి కడుపు మండి వచ్చింది. ఆ ఒక్కరోజే 19 మంది చనిపోయారు. మర్నాడు ప్రధాని ఓలీ రాజీనామా చేశాడు. పిల్లల్ని ఎగుమతి చేసి వాళ్ళ పైసలతో రాజ్యం నడిపినవాళ్ళకు అది చెంపదెబ్బ. మేం ఆ యువతకు దండం పెడుతున్నాం, ఒక ప్రశ్న కూడా అడుగుతున్నాం. సర్కారు కూలింది సరే, కుళాయి దగ్గరి వరస కూలేదెప్పుడు? అవినీతి మీద లేచిన చెయ్యి అంటరానితనం మీద లేవకపోతే ‘నేపాలీ’ ఇంటిపేరు కుర్రాడికి ఒరిగేదేమిటి?

ఈ ప్రశ్న మనకూ తగులుతుంది. మన వాడల్లో కూడా గల్ఫ్ పైసలతో స్లాబు ఇళ్ళు లేచాయి. స్లాబు ఎత్తు పెరిగినంత మాత్రాన మనిషి ఎత్తు పెరిగిందా? వలస పొట్ట నింపుతుంది, అప్పు తీరుస్తుంది, కులాన్ని తియ్యదు. కులం విమానాశ్రయం దాకా వచ్చి సాగనంపుతుంది, తిరిగి వచ్చేదాకా ఊళ్ళోనే కూర్చుని ఉంటుంది. భూమి, నీళ్ళు, మర్యాద పుట్టిన ఊళ్ళోనే తెచ్చుకోవాలి.

కార్యకర్తలకు మా మనవి ఇది. మీ వీధి కాపలా మనిషిని పేరుపెట్టి పిలవండి. ఆయన కాగితాలు, ఇంటి ఫోన్ నంబరు సంఘం దగ్గర రాసిపెట్టుకోండి, రేపు జరగరానిది జరిగితే అవే పనికొస్తాయి. గల్ఫ్‌లో ఉన్న మన తమ్ముళ్ళు క్యాంపులో ఏప్రిల్ 14 జరుపుకుంటే పక్క మంచం నేపాలీని పిలవండి, ఒకే పొయ్యి మీద వండండి. బాబాసాహెబ్ కన్నుమూయడానికి రెండు వారాల ముందు, 1956 నవంబరులో, ఒంట్లో బాగాలేకపోయినా కాఠ్మండూ వెళ్ళి బుద్ధుడి గురించీ మార్క్స్ గురించీ మాట్లాడి వచ్చారు. ఆ దారి అప్పుడే పడింది. నడవాల్సింది మనం.

జై భీమ్!