అప్పు ఎవరు చేశారు? ఎవరు తీరుస్తున్నారు?

పొదుపు ఆడవాళ్ళకు కొత్త విద్య కాదు. కానీ ప్రభుత్వాలు పొదుపు మాట ఎత్తినప్పుడల్లా నాకు భయం వేస్తుంది. అక్కడ కోసేసిన ఖర్చు మాయమైపోదు. అది స్త్రీల చాకిరీగా మారి ఇంటికి చేరుతుంది. పొరుగునున్న శ్రీలంక అనుభవం ఇదే చెబుతోంది.

2019 చివర్లో ఆ ప్రభుత్వం పన్నులు భారీగా తగ్గించి తన ఆదాయానికి తానే గండి కొట్టుకుంది. అంతర్జాతీయ మార్కెట్లో బాండ్లు అమ్మి తెచ్చిన అప్పు అప్పటికే పేరుకుపోయి ఉంది. కోవిడ్ పర్యాటకాన్ని దెబ్బతీసింది. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టలేమని ప్రకటించారు. 2023 మార్చిలో అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థ దాదాపు 300 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది. దానితోపాటు షరతులూ వచ్చాయి.

2022 మొదట్లో 8 శాతం ఉన్న విలువ ఆధారిత పన్ను 2024 జనవరికి 18 శాతమైంది. అంతవరకూ మినహాయింపు ఉన్న వంటగ్యాస్‌నూ వదల్లేదు. కరెంటు చార్జీలు సగటున 2022 ఆగస్టులో 75 శాతం, 2023 ఫిబ్రవరిలో మరో 66 శాతం పెంచారు. గ్యాస్ కొనలేని ఇంట్లో కట్టెలు ఏరుకొచ్చేది ఎవరు? కూర చాలకపోతే ఆఖరున తిని సరిపెట్టుకునేది ఎవరు? ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారమే 2021, 2022 మధ్య పేదరికం దాదాపు రెట్టింపై 25 శాతానికి చేరింది.

ఆ దేశానికి డాలర్లు తెస్తున్నది ఎవరో కూడా చూడాలి. దుస్తుల ఫ్యాక్టరీల్లో కుట్టేవాళ్ళలో, తోటల్లో తేయాకు కోసేవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలే. గల్ఫ్ ఇళ్ళలో పనిచేసి డబ్బు పంపేవాళ్ళలోనూ వేలాది స్త్రీలున్నారు. 2022 జూన్‌లో, సంక్షోభం మధ్యలో, ఇంటిపనికి విదేశాలకు వెళ్ళే స్త్రీల కనీస వయసును 21కి తగ్గించారు. 2023లో దేశీయ రుణాన్ని సర్దుబాటు చేసినప్పుడు ట్రెజరీ బాండ్ల మార్పిడి నుంచి బ్యాంకులను మినహాయించారు. కార్మికుల భవిష్యనిధి మీద మాత్రం తక్కువ వడ్డీ బాండ్లు రుద్దారు. అప్పు చేసేటప్పుడు ఈ స్త్రీలను ఎవరూ అడగలేదు. తీర్చేటప్పుడు మాత్రం వాళ్ళ ముసలితనపు కూడుకే చేయి చాపారు.

ద్రవ్యోల్బణం తగ్గింది కదా అనేవాళ్ళున్నారు. నిజమే. 2022 సెప్టెంబరులో అది 70 శాతం దాకా వెళ్ళి తర్వాత దిగింది. అయితే తగ్గింది ధరలు పెరిగే వేగం. ధరలు పాత స్థాయికి రాలేదు.

ఇది మనకు దూరపు కథ కాదు. 1991లో మన దేశం బంగారం తాకట్టు పెట్టింది. ప్రపంచ బ్యాంకు రుణంతో సాగిన విద్యుత్ సంస్కరణలు ఆంధ్రప్రదేశ్‌లో 2000 సంవత్సరంలో చార్జీల పెంపుకూ, ఆ ఆగస్టులో బషీర్‌బాగ్ కాల్పులకూ దారితీశాయి.

అప్పులు తీర్చవద్దని నేను అనడం లేదు. ఎవరి దగ్గర వసూలు చేస్తున్నారన్నదే నా ప్రశ్న. సంపద మీద పన్ను వేయకుండా వంటగ్యాస్ మీద వేయడం లెక్కల అవసరం కాదు, రాజకీయ నిర్ణయం. కాబట్టి మన సంఘాలు సంక్షేమ పథకాలతో ఆగకుండా బడ్జెట్లనూ, రుణ ఒప్పందాలనూ చదవాలి. సంతకానికి ముందే షరతులు ప్రజల భాషలో బయటపెట్టమని పట్టుబట్టాలి. తీర్చేవాళ్ళకు లెక్క అడిగే హక్కు ఉంది.