మూడు డోసులతో అయిపోయిందనుకోవద్దు
పసిబిడ్డకు 6, 10, 14 వారాలకు తొడకు వేసే పెంటావాలెంట్ టీకా ఒక్క సూదితో కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, హెపటైటిస్ బి, హిబ్ అనే బ్యాక్టీరియా తెచ్చే జబ్బులకు అడ్డుకట్ట వేస్తుంది. ఇన్ని కలిపి వేస్తే పసిఒళ్లు తట్టుకుంటుందా అని తల్లులు భయపడతారు. నిక్షేపంగా తట్టుకుంటుంది, పుట్టిన క్షణం నుంచి బిడ్డను చేరే సూక్ష్మజీవుల ముందు ఈ అయిదూ ఒక లెక్క కాదు. అడగాల్సింది ఆ రక్షణ ఎన్నాళ్లుంటుందని. బ్రిటన్‌లో 2000 ప్రాంతంలో కొంతకాలం హిబ్ టీకాను, జ్వరం తక్కువగా తెచ్చే కొత్తరకం కోరింత దగ్గు టీకాతో కలిపి వేశారు. ఆ జోడీలో హిబ్‌కు యాంటీబాడీలు తక్కువగా పుట్టాయి. ఏడాది దాటాక బూస్టర్ కూడా లేకపోవడంతో, దాదాపు మాయమైన జబ్బు మళ్లీ తలెత్తింది. 2003లో చిన్నపిల్లలకు అదనపు డోసు వేయాల్సి వచ్చింది. 2006లో బూస్టర్‌ను షెడ్యూల్లోనే చేర్చారు. మన సర్కారు టీకాలో ఉన్నది పాతరకం కోరింత దగ్గు మందే. ఒకటి రెండు రోజులు ఒళ్లు కాలినా దాని రక్షణ ఎక్కువకాలం నిలుస్తుంది. ఆ జ్వరానికి జడిసి రెండో డోసు ఎగ్గొట్టడం తప్పు. బూస్టర్లు మరిచిపోవడం ఇంకా పెద్ద తప్పు. కంఠసర్పి నుంచి రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ తరిగిపోతుంది; బడికెళ్లే పిల్లలు కూడా ఆ జబ్బుతో హైదరాబాద్ ఫీవర్ ఆస్పత్రిలో చేరింది అందుకే. ఏడాదిన్నర ప్రాయంలో, మళ్లీ 5-6 ఏళ్లకు డీపీటీ, 10, 16 ఏళ్లకు టీడీ బూస్టర్లు పడ్డాయో లేదో ఈరోజే టీకా కార్డు తీసి చూడండి. పడకపోతే ఏఎన్ఎంను అడగండి, ఉచితంగా వేస్తారు.